ఫ్యాక్టరీ సరుకు ఆన్‌లైన్‌లో: డిస్ట్రిబ్యూటర్ల ప్రశ్నలు, మా జవాబులు

బేరింగులు, బెల్టులు, బోల్టులు, వాల్వులు, మోటార్లు, కటింగ్ టూల్స్, గ్లౌజులు... ఫ్యాక్టరీ నడవాలంటే రోజూ కావాల్సిన ఇలాంటి సరుకును తయారీదారుల దగ్గర కొని ఫ్యాక్టరీలకు అమ్మే డిస్ట్రిబ్యూటర్ల నుంచి ఈసారి ఉత్తరాలు ఎక్కువగా వచ్చాయి. అందరిదీ ఒకటే టెన్షన్. ఆన్‌లైన్‌కి వెళ్లాలా, వెళ్తే ఎక్కడ మొదలుపెట్టాలి, వెళ్లకపోతే ఏమవుతుంది? ఒకే రకం ప్రశ్నలను కలిపేశాను. పేర్లు, ఊళ్లు తీసేశాను.

ప్రశ్న: మాది తాతగారు పెట్టిన వ్యాపారం. బేరింగులు, బెల్టులు, నట్లూ బోల్టుల్లాంటి ఫాస్ట్‌నర్లు అమ్ముతాం. కంప్యూటర్లో దాదాపు 40 వేల ఐటెమ్‌లు ఉన్నాయి. వెబ్‌సైట్ పెడదామని నేనంటే, "మన కస్టమర్లు ఫోన్ చేస్తారు, వెబ్‌సైట్లు చూడరు" అని నాన్నగారు అంటున్నారు. ఒక సాఫ్ట్‌వేర్ కంపెనీ మూడు నెలల్లో ఆన్‌లైన్ స్టోర్ రెడీ చేసిస్తామంటోంది. ఒప్పుకోమంటారా?

జవాబు: ఒప్పుకోండి, కానీ ఇప్పుడే వద్దు. స్టోర్ మూడు నెలల్లో తయారవుతుంది, వాళ్లు అబద్ధం చెప్పడం లేదు. అందులో పెట్టడానికి మీ దగ్గర ఏముందో వాళ్లకి తెలియదు, అంతే.

ఒక చిన్న పరీక్ష చేయండి. మీ కంప్యూటర్లో 6205 అని కొట్టి ఎన్ని లైన్లు వస్తాయో చూడండి. "బేరింగ్ 6205", "6205 2ఆర్ఎస్", "6205 రబ్బరు", "6205 జడ్‌జడ్", "6205 సి3 పాత స్టాక్", "బేరింగు 6205 ఇంపోర్టెడ్"... ఇలా ఒక పేజీ నిండితే కంగారు పడకండి, పాత సంస్థలన్నిటిలోనూ ఇదే పరిస్థితి. లోపలి వ్యాసం 25, బయటి వ్యాసం 52, వెడల్పు 15 మిల్లీమీటర్లు. ఈ మూడు కొలతలూ ఆ లైన్లన్నిటికీ ఒకటే. తేడా అంతా తోకలో ఉంటుంది. జడ్‌జడ్ అంటే రెండు పక్కలా రేకు మూత, 2ఆర్ఎస్ అంటే రెండు పక్కలా రబ్బరు సీలు, సి3 అంటే లోపల ఖాళీ మామూలు కంటే కాస్త ఎక్కువ, వేడెక్కే మోటార్లకి తరచూ ఇదే అడుగుతారు. పైగా ఆ రబ్బరు సీలునే బేరింగ్ కంపెనీల్లో ఎన్ఎస్‌కే వాళ్లు డీడీయూ అంటారు, ఎన్‌టీఎన్ వాళ్లు ఎల్ఎల్‌యూ అంటారు. మీ కౌంటర్‌లో ఏళ్లుగా కూర్చున్న మనిషికి ఇదంతా నోటికి వచ్చు. కస్టమర్ ఫోన్ చేసి "పోయినసారి పంపారే, ఆ రబ్బరుది, అదే పంపండి" అంటే ఆయన ఇంకో మాట అడక్కుండా బిల్లు కొట్టేస్తాడు.

మీ నాన్నగారి మాటలో నిజం ఉన్నది ఇక్కడే. కస్టమర్లు ఫోన్ చేస్తున్నారంటే వాళ్లకి వెబ్‌సైట్లు వాడడం రాకకాదు. ఏది సరిపోతుందో తెలిసిన మనిషి ఫోన్ అవతల ఉన్నాడని చేస్తున్నారు. మీరు ఇన్నేళ్లుగా అమ్ముతున్నది ఆ నమ్మకాన్నే, బేరింగ్ దాంతోపాటు వెళ్తోంది. ఆ మనిషికి తెలిసింది కంప్యూటర్లోకి ఎక్కకుండా స్టోర్ తెరిస్తే, దానికి మీ పేరు ఉంటుంది గానీ మీ తెలివి ఉండదు. అందుకని ముందు ఐటెమ్ మాస్టర్, అంటే కంప్యూటర్లో ఉన్న మీ సరుకు జాబితా, తర్వాతే స్టోర్.

ఐటెమ్ మాస్టర్ బాగుచేయడమంటే పేర్లలో స్పెల్లింగులు దిద్దడం కాదు. ఏ వస్తువు, ఏ కొలతలు, ఏ రకం, ఎవరి మేక్, తయారీదారు పార్ట్ నంబర్ ఏంటి, ఇవన్నీ వేర్వేరు గడుల్లోకి రావాలి. ఇప్పుడు మీ దగ్గర అన్నీ కలిపి ఒకే గడిలో కుక్కి ఉంటాయి, వాటిలో వెతకడం కౌంటర్ పెద్దాయనకి తప్ప ఎవరికీ కుదరదు. యూనిట్లు కూడా చూసుకోండి, అసలు గొడవలు పుట్టేది అక్కడే. బోల్టులు కిలోల్లో కొంటారు, పీసుల్లో అమ్ముతారు, కొందరికి బాక్సుల్లో పంపుతారు. కేబుల్ డ్రమ్ముల్లో వస్తుంది, మీటర్లలో పోతుంది. ఆన్‌లైన్లో ఎవరో "1" అని కొడతారు. అది ఒక బోల్టా, వంద బోల్టుల బాక్సా? ఫోన్లో అయితే మీవాళ్లు అడిగి తెలుసుకుంటారు, స్టోర్ అడగదు.

ఇంకో సంగతి. "దాదాపు ఒకటే కదా" అని రెండు ఐటెమ్‌లను ఒకే లైన్లో కలిపేసే అలవాటు చాలామందికి ఉంది, దాన్ని మానాలి. డిన్, ఐఎస్ఓ అనేవి రెండు వేర్వేరు కొలతల ప్రమాణాలు. డిన్ 933 బోల్టు, ఐఎస్ఓ 4017 బోల్టు రెండూ పూర్తిగా మరలున్న హెక్స్ బోల్టులే, చాలా సైజుల్లో ఒకదాని బదులు ఇంకోటి హాయిగా వాడేస్తారు. కానీ ఎం12, అంటే 12 మిల్లీమీటర్ల బోల్టు తీసుకుంటే తల వెడల్పు డిన్ ప్రకారం 19 మిల్లీమీటర్లు, ఐఎస్ఓ ప్రకారం 18. ఎం10 అయితే 17, 16. మర ఒకటే, పానా వేరు. అసెంబ్లీ లైన్లో ఒకే సైజు సాకెట్ బిగించిన మెషిన్‌తో పని చేసే కస్టమర్‌కి ఈ ఒక్క మిల్లీమీటర్ తేడా వస్తే సరుకంతా వెనక్కి వస్తుంది.

40 వేలూ ఒకేసారి చేయాలనుకోకండి, చేస్తే మధ్యలో వదిలేస్తారు. గత రెండేళ్ల అమ్మకాలు తీసి, ఎక్కువసార్లు బిల్లులోకి వచ్చిన ఐటెమ్‌లను పైనుంచి కిందికి పేర్చండి. డబ్బు ప్రకారం కాదు, ఎన్నిసార్లు అడిగారన్న లెక్క ప్రకారం. పైనున్న కొన్ని వేలల్లోనే మీ వ్యాపారంలో ఎక్కువ భాగం తేలిపోతుంది. ముందు వాటిని బాగుచేసుకోండి. రెండేళ్లుగా కదలని వాటిని ముట్టుకోవద్దు. వాటి సంగతి వేరు, కింద ఇంకో ఉత్తరంలో వస్తుంది.

వర్గీకరణ సొంతంగా కనిపెట్టకండి. యూఎన్ఎస్‌పీఎస్‌సీ అని 8 అంకెల కోడ్ ఉంది, రెండేసి అంకెల చొప్పున నాలుగు మెట్లు, పెద్ద కొనుగోలుదారుల సిస్టమ్‌లకి అది అర్థమవుతుంది. ఎలక్ట్రికల్ సరుకైతే ఈటీఐఎమ్ ఉంది, ఒక్కో రకం వస్తువుకి ఏయే వివరాలు రాయాలో కూడా అది చెబుతుంది. తయారీదారు బార్‌కోడ్ నంబర్ ఉంటే దాన్నీ ఎక్కించండి. రేపు ఏ పెద్ద ఫ్యాక్టరీకైనా, ఏ మార్కెట్‌ప్లేస్‌కైనా మీ జాబితా పంపాల్సి వచ్చినప్పుడు ఈ శ్రమంతా కలిసొస్తుంది.

ఎవరు చేయాలి? కొత్తగా వచ్చిన కుర్రాడికి అప్పగించి మర్చిపోతే పాత చెత్త కొత్త గడుల్లోకి చేరుతుంది, అంతే. కుర్రాడు టైప్ చేయాలి, పెద్దాయన పక్కన కూర్చుని చెప్పాలి, ఆ కాసేపూ ఆయన ఫోన్ ఇంకొకరు ఎత్తాలి. కస్టమర్లు వాడే అడ్డపేర్లు, పాత పార్ట్ నంబర్లు, ఏ మెషిన్‌లో ఏది పడుతుంది లాంటివి ఆయన మాటల్లోనే రాసుకోండి. ఆయన రిటైరయ్యాక ఈ పని చేయడం ఎవరి తరమూ కాదు. నిజం చెప్పాలంటే, వెబ్‌సైట్ పెట్టినా పెట్టకపోయినా ఈ ఒక్క కారణానికి ఈ పని మొదలుపెట్టాలి.

ఇదంతా సగం దాకా వచ్చాక సాఫ్ట్‌వేర్ కంపెనీని పిలవండి. స్టాక్ లెక్క మీ అకౌంట్స్‌లో మారిన ఎంతసేపటికి స్టోర్‌లో మారుతుంది? రేపు మేం విడిపోతే ఈ డేటా అంతా మాకు ఏ రూపంలో ఇస్తారు? ఈ రెండూ కాగితం మీద రాయించుకున్నాకే అడ్వాన్స్ ఇవ్వండి.

ప్రశ్న: ఏడాది క్రితమే ఆన్‌లైన్ స్టోర్ పెట్టాం. బాగా ఖర్చయింది. ఇప్పటికీ ఆర్డర్లు ఫోన్లో, వాట్సాప్‌లో, ఈమెయిల్లోనే వస్తున్నాయి. స్టోర్ నుంచి వచ్చేవి వేళ్లమీద లెక్కపెట్టొచ్చు. మూసేయాలా?

జవాబు: మూసే ముందు ఒక విషయం చూడండి. స్టోర్‌లో లాగిన్ అయినవాళ్లు ఎంతమంది, ఏం చూసి వెళ్లిపోయారు? ఆర్డర్లు మాత్రమే లెక్కపెడితే మోసపోతాం. ఫ్యాక్టరీ స్టోర్స్‌లో పనిచేసే మనిషి ఉదయం మీ సైట్‌లో స్టాక్ ఉందో లేదో చూసుకుని, మధ్యాహ్నం పర్చేజ్ వాళ్లచేత ఈమెయిల్లో పీఓ (పర్చేజ్ ఆర్డర్) పంపిస్తాడు. మీ లెక్కలో అది ఈమెయిల్ ఆర్డర్. సైట్ లేకపోతే ఆ ఆర్డర్ ఇంకొకరికి పోయేదేమో, ఎవరికి తెలుసు.

అలా చూసినా ఎవరూ రావట్లేదంటే, వాళ్లకి పనికొచ్చేది అక్కడ లేదని అర్థం. బయటి మనుషులకి అమ్మే షాపింగ్ సైట్లని చూసి మనవాళ్లు స్టోర్ కట్టిస్తారు. మొదటి పేజీలో పెద్ద పెద్ద బొమ్మలు, ఆఫర్లు, పండగ బ్యానర్లు. ఫ్యాక్టరీ మెయింటెనెన్స్ మనిషికి అవేం అక్కర్లేదు. మెషిన్ ఆగిపోయి ఉంటుంది, పైనుంచి తిడుతుంటారు, చేతిలో విరిగిన పార్ట్ ఉంటుంది. వాడికి కావాల్సింది నంబర్ కొట్టగానే వస్తువు కనబడటం, ఉందా లేదా, ఎప్పుడొస్తుంది, నా రేటెంత. అమెరికాలో మెక్‌మాస్టర్-కార్ అనే పాత సంస్థ ఉంది, 1901 నాటిది. దాని సైట్ చూడండి, అలంకారం అనేదే కనబడదు. మర సైజు, పొడవు, మెటీరియల్ ఒక్కొక్కటీ నొక్కుకుంటూ వెళ్తే సరైన బోల్టు దగ్గర ఆగుతారు. డిజైన్ ఇంజనీర్లు దాన్ని మెచ్చుకోని రోజుండదు.

మీరు చేయాల్సింది నాలుగైదు పనులే, అన్నీ చవకైనవే. సైట్‌లో వెతికి ఏమీ దొరకని మాటల జాబితా వారం వారం తీయించండి. "జీరో రిజల్ట్స్" అంటారు మీ సాఫ్ట్‌వేర్ వాళ్లు. అది చదివితే మీకు ఏడుపొస్తుంది, ఎందుకంటే అందులో సగం సరుకు మీ గోడౌన్‌లో ఉంటుంది, పేరు వేరుగా ఎక్కించారు, అంతే. ఆ పేర్లని కూడా ఐటెమ్‌కి జోడించండి. ఒక్కో కస్టమర్ గత ఏడాది కొన్న ఐటెమ్‌లు లాగిన్ అవగానే వాళ్ల ముందు కనబడాలి, ఫ్యాక్టరీ కొనుగోళ్లలో ఎక్కువ భాగం కొన్నదే మళ్లీ కొనడం. పాత బిల్లుల కాపీ, టెస్ట్ సర్టిఫికెట్, డిస్పాచ్ ఎక్కడుంది లాంటివి వాళ్లే తీసుకునేలా చేయండి. మీ ఆఫీసుకి వచ్చే ఫోన్లలో ఆర్డర్లకంటే ఇవే ఎక్కువ, ఒక్క రోజు ఫోన్ పక్కన కాగితం పెట్టి గీతలు గీయమనండి, తెలుస్తుంది. ఇక సైట్‌లో స్టాక్ ఉందని చూపించి, ఆర్డర్ పెట్టాక "సార్, అది అయిపోయింది" అని ఒక్కసారి ఫోన్ చేశారా, ఆ కస్టమర్ మళ్లీ సైట్ నమ్మడు. స్టాక్ లెక్క నమ్మకంగా లేని ఐటెమ్‌కి అంకె చూపించకండి, "ఫోన్ చేసి కనుక్కోండి" అని రాయడమే మర్యాద.

పెద్ద కస్టమర్ల సంగతి మళ్లీ వేరు. వాళ్లు మీ సైట్‌కి ఎప్పటికీ రారు, వాళ్ల కొనుగోలు సాఫ్ట్‌వేర్‌లోనే కూర్చుని కొంటారు. అందులోంచే మీ క్యాటలాగ్ తెరుచుకుని, ఎంచుకున్నవి తిరిగి వాళ్ల సిస్టమ్‌లోకే వెళ్లే పద్ధతి ఉంది, పంచ్‌అవుట్ అంటారు. దానికి వాడే సీఎక్స్ఎంఎల్ అనే భాష 1999 నుంచి ఉంది, కొత్తదేం కాదు. ఆర్డర్, బిల్లు నేరుగా కంప్యూటర్ నుంచి కంప్యూటర్‌కి పోయే ఈడీఐ అంతకంటే పాతది, దాని అంతర్జాతీయ ప్రమాణం ఈడీఫ్యాక్ట్ 1980లలోనే వచ్చింది. మీ మొదటి ఇద్దరు ముగ్గురు పెద్ద కస్టమర్లని "మీరు ఏ పద్ధతిలో కొంటారు?" అని అడగండి. మీ ఏడాది ఖర్చు ఆ ఒక్క ప్రశ్నతో దారిలో పడొచ్చు.

ప్రశ్న: మా దగ్గర ఒక్కో కస్టమర్‌కి ఒక్కో రేటు. అసలు రేటు మీద 20 శాతం తగ్గింపు ఒకరికి, 45 శాతం ఇంకొకరికి. ఆన్‌లైన్లో రేటు పెడితే పాత కస్టమర్లు గొడవ చేస్తారు, పెట్టకపోతే కొత్తవాళ్లు రారు. ఏం చేయాలి?

జవాబు: లాగిన్ చేస్తే ఎవరి రేటు వాళ్లకి కనబడేలా పెట్టుకోండి, ఇది అందరూ చేసేదే, సాఫ్ట్‌వేర్ పరంగా కష్టం కాదు. కష్టం ఏంటంటే, లాగిన్ లేని కొత్త మనిషికి కనబడే ఆ "అసలు రేటు". దాన్ని ఎవరూ కట్టరని మీకూ తెలుసు, కట్టినవాళ్లు కూడా రెండోసారి రారు. 45 శాతం తగ్గించగలిగామంటే ఆ అంకె బేరం కోసం పెంచి రాసిందే కదా.

1927లో మొదలైన గ్రేంజర్ ప్రపంచంలోనే పెద్ద డిస్ట్రిబ్యూటర్లలో ఒకటి, వాళ్లకి కూడా ఇదే సమస్య వచ్చింది. పెద్ద కాంట్రాక్టు కస్టమర్లకి భారీ తగ్గింపులు, సైట్‌లో మాత్రం ఎత్తైన జాబితా ధరలు. సెర్చ్ చేసి పోల్చి చూసుకునే చిన్న, మధ్యస్థాయి కొనుగోలుదారులు ఆ ధరలు చూసి వెళ్లిపోవడం మొదలైంది. చివరికి 2017లో వాళ్లు వెబ్ ధరల్ని గట్టిగా తగ్గించారు. ముందు లాభాలు దెబ్బతిన్నాయి, షేరు కూడా పడింది, పోయిన కస్టమర్లు మాత్రం తిరిగొచ్చారు. అదే గ్రేంజర్, సుమిటోమో అనే జపాన్ సంస్థతో కలిసి జపాన్‌లో 2000లో పెట్టిన మోనొటారో అయితే మొదటినుంచీ బేరం లేకుండా అందరికీ ఒకే ధర చూపించి, చిన్న వర్క్‌షాపుల మీదే పెరిగింది. ఎవరో సేల్స్‌మన్ వచ్చి బేరమాడితే గానీ మంచి రేటు రాని చిన్నవాళ్లకి ఆ ఒకే ధర ఎంత నచ్చిందో చూడండి.

మీరు అంత పెద్ద సాహసం చేయక్కర్లేదు. బహిరంగ ధరని నిజాయితీగా ఉండే చోటికి దించండి, అంటే ఒక కొత్త చిన్న కస్టమర్ వచ్చి నగదు ఇస్తే మీరు నిజంగా ఇచ్చే రేటుకి. పాత కస్టమర్లలో కొందరికి దానికంటే ఎక్కువ రేటు పడుతోందని బయటపడుతుంది. వాళ్లు గొడవ చేస్తారు, నిజమే, కానీ వాళ్లు చూసుకునే లోపే మీరే ఫోన్ చేసి సరిచేస్తే అది వేరుగా ఉంటుంది. మొత్తం తగ్గింపుల పట్టిక ఒకసారి తీసి చూడండి, పదేళ్ల క్రితం ఎవరో ఎవరికో మాటిచ్చిన రేట్లు, కారణం ఎవరికీ గుర్తులేనివి, చాలా దొరుకుతాయి.

ప్రశ్న: నేను ఓనర్ని కాదు, సేల్స్‌మన్ని. పదహారేళ్లుగా ఒకే సంస్థలో చేస్తున్నాను. ఇప్పుడు కస్టమర్లందరి చేతా యాప్‌లో ఆర్డర్లు పెట్టించమని నాకే టార్గెట్ ఇచ్చారు. యాప్ ఆర్డర్‌కి కమిషన్ లేదు. నా గొయ్యి నేనే తవ్వుకోవాలా?

జవాబు: మీ కోపంలో న్యాయం ఉంది. దీన్ని చదివే ఓనర్లకి ముందు చెబుతున్నాను: ఆర్డర్ ఏ దారిలో వచ్చిందన్న దాన్నిబట్టి కమిషన్ ఇస్తే, మీ సేల్స్‌మన్లు కస్టమర్‌ని ఆ యాప్ దగ్గరికి రానివ్వరు, రానివ్వకూడదు కూడా. కమిషన్ కస్టమర్ ఖాతాకి కట్టండి, ఆర్డర్ ఫోన్లో వచ్చినా, యాప్‌లో వచ్చినా, అర్ధరాత్రి వచ్చినా. చాలాచోట్ల యాప్‌లు మూలపడింది టెక్నాలజీ బాగోక కాదు, ఈ ఒక్క లెక్క తప్పు వేసినందుకే.

మీకైతే, ఇది రాసి అడగండి. నోటిమాటగా కాదు. "నా ఖాతాల్లో యాప్ ఆర్డర్లకి కూడా కమిషన్ వర్తిస్తుంది" అని ఒక్క లైను. ఇవ్వకపోతే వాళ్ల ఉద్దేశం మీకు తెలిసిపోతుంది, దాన్నిబట్టి మీ దారి మీరు చూసుకోవచ్చు.

ఇచ్చారనుకోండి, అప్పుడు మీ రోజు ఎలా మారుతుందో చూడండి. ఇప్పుడు మీ ఫోన్లలో సగం "స్టాక్ ఉందా, బిల్లు పంపు, బండి ఎక్కడుంది" అనేవే అయి ఉంటాయి. అవి యాప్‌కి పోతే మీకు ఫ్యాక్టరీ లోపలికి వెళ్లే టైమ్ దొరుకుతుంది. ఆ బేరింగ్ ప్రతి మూడు నెలలకీ ఎందుకు పోతోంది, గ్రీజు తప్పా, అలైన్‌మెంట్ తప్పా అని చూసి చెప్పే మనిషిని ఏ యాప్ తీసేయలేదు. పుస్తకంలో ఆర్డర్ రాసుకుని రావడమే సేల్స్ పని అనుకునేవాళ్లకి మాత్రం కష్టకాలమే, ఇందులో దాచడానికేం లేదు.

ప్రశ్న: పెద్ద ఆన్‌లైన్ మార్కెట్‌ప్లేస్‌లో మా సరుకు పెడితే అమ్మకాలు పెరుగుతాయా, లేక మన కస్టమర్లని వాళ్లకి అప్పగించినట్టవుతుందా?

జవాబు: రెండూ జరుగుతాయి. అమెజాన్ ఈ రంగంలోకి 2012లో అమెజాన్ సప్లై పేరుతో వచ్చింది, 2015లో దాన్ని తీసేసి అమెజాన్ బిజినెస్ పెట్టింది. అంటే వాళ్లు వచ్చి చాలా ఏళ్లయింది, అయినా పాత డిస్ట్రిబ్యూటర్లు అందరూ మాయమైపోలేదు. గ్లౌజులు, టేపులు, చేతి పనిముట్లు, లైట్లు లాంటి ఎవరైనా చూసి ఎంచుకోగలిగే సరుకు అటు జారింది. ఏ సీలు పడుతుంది, ఏ వాల్వు ఎంత ప్రెషర్ తట్టుకుంటుంది అని అడిగి కొనే సరుకు అంత తేలిగ్గా జారలేదు.

కదలకుండా గోడౌన్‌లో పడున్న స్టాక్‌ని మార్కెట్‌ప్లేస్‌లో పెట్టండి, దానికి అది చాలా మంచి చోటు. మీ ఇరుగుపొరుగు ఫ్యాక్టరీల్లో ఎవరికీ అక్కర్లేని ఆ పాత కాంటాక్టర్ (మోటార్లకి కరెంటు ఇచ్చి ఆపే స్విచ్) ఎక్కడో దూరాన ఎవరికో అర్జెంటుగా కావాలి, ఎందుకంటే ఆ మోడల్ తయారీ ఆగిపోయింది. మీ రోజువారీ మంచి సరుకుని మాత్రం ఆలోచించి పెట్టండి. కమిషన్, ప్యాకింగ్, రిటర్న్ ఖర్చులు తీసేశాక ఒక్కో ఐటెమ్ మీద ఎంత మిగులుతుందో లెక్క వేయండి, మొత్తం మీద కాదు. బరువైన, చవకైన సరుకు మీద తరచూ నష్టమే వస్తుంది. ఇంకోటి, మీ డీలర్‌షిప్ ఒప్పందం తీసి చదవండి. కొందరు తయారీదారులు అనుమతి లేకుండా మార్కెట్‌ప్లేస్‌లో అమ్మనివ్వరు.

ప్రశ్న: కొత్త ఈఆర్‌పీ, అంటే స్టాకు, కొనుగోళ్లు, అమ్మకాలు, లెక్కలు అన్నీ ఒకేచోట చూసే పెద్ద సాఫ్ట్‌వేర్ కొనకుండా, ఉన్న అకౌంటింగ్ సాఫ్ట్‌వేర్‌తోనే ఆన్‌లైన్ నడపొచ్చా?

జవాబు: గోడౌన్ ఒక్కటే అయితే, స్టాక్ ఎంట్రీ ఏ రోజుది ఆ రోజు పడుతుంటే, నడపొచ్చు. రెండు మూడు గోడౌన్లుండి, సరుకు వెళ్లిన రెండు రోజులకి ఎంట్రీ పడే పద్ధతైతే ఏ ఈఆర్‌పీ కొన్నా అదే గతి. ముందు ఎంట్రీ అలవాటు మార్చండి. ర్యాకులకి నంబర్లు వేయండి, ఒక్కో ఐటెమ్ ఏ ర్యాకులో ఉందో కంప్యూటర్లో రాయండి, రోజూ కొన్ని ర్యాకులు లెక్కపెట్టి చూసుకోండి.

ప్రశ్న: మా కస్టమర్ ఫ్యాక్టరీలోనే వెండింగ్ మెషిన్ పెట్టి గ్లౌజులు, ఇన్సర్టులు (కటింగ్ టూల్‌కి బిగించే మార్చుకునే మొనలు) అందులోంచి తీసుకునేలా చేయమంటున్నారు. ఇది నిజంగా పని చేస్తుందా, ఫ్యాషనా?

జవాబు: పని చేస్తుంది, సరైన సరుకుకి. ఫాస్టెనల్ అని 1967లో అమెరికాలోని వినోనా అనే చిన్న ఊళ్లో మొదలైన సంస్థ ఉంది. నట్లూ బోల్టులూ మెషిన్‌లోంచి అమ్మాలన్నది దాన్ని పెట్టినాయన మొదటి ఆలోచన, అప్పట్లో కుదరక మామూలు కౌంటర్ పెట్టుకున్నారు. దాదాపు నలభై ఏళ్ల తర్వాత అదే సంస్థ ఫ్యాక్టరీల లోపల మెషిన్లు పెట్టడం మొదలుపెట్టింది, ఇప్పుడవి లక్ష దాటాయి. అదే కాలంలో వాళ్లు సొంత బ్రాంచీలు చాలా తగ్గించుకున్నారు. అంటే ఆర్డర్ తీసుకునే చోటే మారిపోయింది, మీ కౌంటర్ దగ్గర్నుంచి కస్టమర్ షాప్‌ఫ్లోర్‌కి.

కార్మికుడు కార్డు చూపించి తీసుకుంటాడు కాబట్టి ఎవరు ఎంత వాడారో తెలుస్తుంది, అది తెలుస్తుందన్న ఒక్క కారణానికే వాడకం తగ్గుతుంది. కస్టమర్‌కి అదే కావాలి. మీ అమ్మకం కూడా ఆ మేరకి తగ్గుతుందని ముందే లెక్క వేసుకోండి, బదులుగా ఆ ఫ్యాక్టరీలో ఆ సరుకంతా మీదే అయ్యేలా ఒప్పందం రాయించుకోండి. మెషిన్‌లో ఉన్న స్టాక్ ఎవరిది, తీసుకున్నప్పుడు బిల్లా నింపినప్పుడు బిల్లా, మెషిన్ ఖర్చు ఎవరిది, కనీసం ఎంత వాడకం ఉండాలి... ఇవి తేలకుండా మెషిన్ దింపకండి. స్టాక్ మీదే అయితే, తీసినప్పుడే బిల్లయితే, కస్టమర్ గోడౌన్‌కి పెట్టుబడి మీరు పెడుతున్నట్టే. ఆ వడ్డీ మీ రేటులో ఉందో లేదో చూసుకోండి.

ప్రశ్న: ఆన్‌లైన్ ఆర్డర్లు మొదలయ్యాక అరువు ఎలా ఇవ్వాలి? ఇప్పటిదాకా ఎవరికి ఎంత ఇవ్వొచ్చో మా అకౌంటెంట్ మనసులో లెక్క.

జవాబు: ఆ మనసులో లెక్కని కాగితం మీదికి తెండి, ఒక్కో కస్టమర్‌కి ఒక్క అంకె, ఇన్ని రోజులు అనే గడువు. పరిమితి దాటితే ఆర్డర్‌ని సిస్టమ్ తిరస్కరించకూడదు, పక్కన ఆపి మీ మనిషికి చూపించాలి. పాత కస్టమర్‌కి "మీ ఆర్డర్ తిరస్కరించబడింది" అని మెసేజ్ పోయిందంటే ఆ కోపం చల్లార్చడం ఎవరి వల్లా కాదు. కొత్తవాళ్లకి మొదట్లో ముందు డబ్బు, తర్వాత సరుకు.

ప్రశ్న: కస్టమర్లు ఈమెయిల్లో, వాట్సాప్ ఫొటోల్లో పంపే ఎంక్వయిరీలని ఏఐ చదివి దానంతట అదే కొటేషన్ పంపేస్తుందని ఒకరు డెమో చూపించారు. నమ్మొచ్చా?

జవాబు: చదవడం వరకు నమ్మొచ్చు. చేతిరాత జాబితా, అడ్డదిడ్డంగా స్కాన్ చేసిన పీఓ, యాభై లైన్ల ఎక్సెల్, వీటిని చదివి లైన్లుగా పేర్చి మీ ఐటెమ్ కోడ్‌తో జతచేసే పని ఇప్పుడు బాగానే చేస్తున్నాయి. మీవాళ్ల టైమ్ బోలెడు మిగులుతుంది. అయితే జతచేయడానికి మీ వైపు ఐటెమ్ మాస్టర్ సరిగ్గా ఉండాలి, మొదటి ఉత్తరానికి రాసిందంతా ఇక్కడా వర్తిస్తుంది.

"అది లేదు, దీన్ని వాడుకోండి" అని ప్రత్యామ్నాయం సూచించే పని మాత్రం దానికి వదిలేయకండి. అర అంగుళం పైపు ఫిట్టింగ్ తీసుకోండి. పైపు మరలకి బీఎస్‌పీ, ఎన్‌పీటీ అని రెండు ప్రమాణాలున్నాయి, రెంటిలోనూ ఆ సైజుకి అంగుళానికి 14 మరలే. చేత్తో తిప్పితే కాస్త దూరం ఎక్కుతుంది కూడా. కానీ మర కోణం బీఎస్‌పీకి 55 డిగ్రీలు, ఎన్‌పీటీకి 60. బిగించాక కారుతుంది, లైన్లో ప్రెషర్ ఎక్కువుంటే కారడంతో ఆగదు. జాబితాలో రెండు లైన్లూ దాదాపు ఒకేలా కనబడతాయి కాబట్టి ఏఐ ధీమాగా ఒకదాని బదులు ఇంకోటి పెట్టేస్తుంది. అందుకని నంబర్ అచ్చంగా కలిసిన లైన్లకి కొటేషన్ దానంతట అదే పోనివ్వండి. కలవని లైన్లు మాత్రం మనిషి బల్ల మీదికి రావాలి, ఆ మనిషి పేరు కొటేషన్ కింద ఉండాలి. డెమో చూపించినవాళ్లకి వాళ్లు తెచ్చిన శుభ్రమైన జాబితా కాకుండా, మీ దగ్గరికి నిన్న వచ్చిన అన్నిటికంటే చెత్త ఎంక్వయిరీ ఇచ్చి, మళ్లీ చూపించమనండి.